మా ఇల్లెందులో మేము లేని ప్రేమకథ

విజయ్ దేవరకొండ అంటే మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు ఇష్టం. దాచడం ఎందుకు, మాకూ ఇష్టమే. 2016లో ‘పెళ్ళిచూపులు’ చూసినప్పుడు మాకు ముందు నచ్చింది అతని మాట. అప్పటిదాకా తెలుగు సినిమాలో తెలంగాణ యాస వినపడిందంటే అక్కడ ఒక రౌడీ ఉన్నట్టు, లేకపోతే నవ్వించేవాడు ఉన్నట్టు. మా ఇంటి మాట కోయ. తెలుగు మాకు బళ్లో వచ్చింది, సంతలో వచ్చింది. అలా వచ్చిన తెలుగు ఖమ్మం వైపు తెలుగు. దానితో డి.ఎడ్. చదవడానికి పోతే తోటివాళ్లు నవ్వారు. అందుకే ఒక హీరో ఏ బెరుకూ లేకుండా ఇంట్లో మాట్లాడుకునేటట్టు తెరమీద మాట్లాడితే మాకు మనవాడు అనిపించింది. ఆ ఇష్టం ఇంకా పూర్తిగా పోలేదు. ఈ వ్యాసం రాయడానికి అదే కారణం.

2020 ఫిబ్రవరి 14న ‘వరల్డ్ ఫేమస్ లవర్’ విడుదలైంది. దర్శకుడు క్రాంతిమాధవ్. ఈయనే 2012లో ‘ఓనమాలు’ తీశాడు. రాజేంద్రప్రసాద్ పల్లెటూరి మాస్టారుగా వేసిన ఆ సినిమా టీచర్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త సినిమాలో మా అభిమాన నటుడు బొగ్గుగని కార్మికుడిగా వేశాడనీ, కథలో కొంత భాగం ఇల్లెందులో జరుగుతుందనీ తెలిసినప్పుడు స్టాఫు రూములో మేము పొందిన సంతోషం ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది. ఇల్లెందు మాకు బస్సెక్కితే గంట దూరం. ఇన్నాళ్లకు మన ఊరు తెరమీదికి వస్తున్నదని అందరికీ చెప్పుకున్నాం.

మేడారం జాతర ఆ ఏడు ఫిబ్రవరి 5 నుంచి 8 దాకా జరిగింది. జాతర నుంచి వచ్చిన వారానికి ఒక పని మీద హైదరాబాదు పోవాల్సి వచ్చింది. మా దగ్గర చదివి ఇప్పుడు హైటెక్ సిటీ చుట్టుపక్కల బతుకుతున్న పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు. ఆదివారం వాళ్లతో కలిసి కొండాపూర్‌లో ఒక మాల్‌లో సినిమా చూశాం. రాయదుర్గం దాకా మెట్రో వచ్చి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. దారిలో మాదాపూర్ దగ్గర 1998లో కట్టిన గుండ్రటి సైబర్ టవర్స్‌ను మా పిల్లలు మాకు చూపించారు. “సార్, మొదలు ఇదొక్కటే ఉండెనట, చుట్టూ రాళ్లేనట” అన్నాడు ఒకడు. అతను ఆ పక్క వీధిలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఇంకొకతను తిండి పార్శిళ్లు మోస్తాడు. ఒకమ్మాయి ఏదో ఆఫీసులో కాంట్రాక్టు మీద అమెరికా ఆసుపత్రుల బిల్లులు సరిచూసే పని చేస్తుంది. అంతా రాత్రి డ్యూటీ. ఆ అమ్మాయితో ఒక అబ్బాయి వచ్చాడు. అతనిదీ మా మండలమే. గ్రూప్-2కు చదువుతున్నాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారని మాకు ఆరోజే తెలిసింది. పెద్దవాళ్లం కదా, ఏమీ అనలేదు. టికెట్లు మేము తీశాం. పాప్‌కార్న్ ధర చూసి అది మాత్రం వద్దన్నాం.

సినిమా చూడనివాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాం. గౌతమ్, యామిని హైదరాబాదులో కలిసి ఉంటారు. గౌతమ్ రచయిత కావాలని ఉద్యోగం మానేస్తాడు. యామిని ఉద్యోగం చేస్తుంది, ఇల్లు నడుపుతుంది, వండిపెడుతుంది. ఏడాదిన్నర గడిచినా అతను ఒక్క పేజీ రాయడు. విసిగిపోయి ఆమె వెళ్లిపోతుంది. అప్పుడతను రాయడం మొదలుపెడతాడు. అతను రాసే కథల్లో ఒకటి ఇల్లెందులో శీనయ్య, అతని భార్య సువర్ణ, గనికి ఆఫీసరుగా వచ్చిన స్మితలది. ఇంకొకటి పారిస్‌లో ఒక పైలట్ అమ్మాయిది. ఆ తర్వాత జైలు, పుస్తకం, పేరు. చివరికి యామిని తిరిగి వస్తుంది.

తిరిగి వస్తుందని మాకు మొదటి అరగంటలోనే తెలుసు. కొత్తగూడెం బస్సు రోజూ ఎక్కేవాడికి ఏ స్టేజీ తర్వాత ఏ స్టేజీ వస్తుందో చెప్పాలా? ఆమె ఏడుస్తుంది, ఇతను గడ్డం పెంచుతాడు, దెబ్బలు తింటాడు, కొడతాడు, అందరూ అతన్ని మెచ్చుకుంటారు, ఆమె మనసు కరుగుతుంది. 2017లో ‘అర్జున్ రెడ్డి’లోనూ ప్రీతి తిరిగి వచ్చింది. నటుడు వాడే, గడ్డం అదే, అరుపు అదే. మూడేళ్ల కిందటి చొక్కానే ఉతికి మళ్లీ తొడిగినట్టుంది.

అయితే ముందే తెలిసిపోవడం తప్పా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాం. మేడారంలో సారలమ్మ కన్నెపల్లి నుంచి వస్తుందని, మర్నాడు సమ్మక్క చిలకలగుట్ట దిగుతుందని ఎవరికి తెలియదు? ముసలివాళ్లకు తెలుసు, చంకలో పిల్లకు తెలుసు. అయినా ఆ ఘడియ వచ్చేసరికి మా ఒళ్లు జలదరిస్తుంది. మా తాతలు నూరుసార్లు చెప్పిన కథనే నూటొకటోసారి నోరు తెరుచుకుని విన్నవాళ్లం మేము. కాబట్టి తెలిసిన కథ అన్నంత మాత్రాన సినిమాను తీసిపారేయలేం. ఎవరు ఏం పోగొట్టుకుని ఆ చివరిదాకా వచ్చారన్నది చూడాలి. ఈ సినిమాలో గౌతమ్ పోగొట్టుకున్నది ఏముంది? ఉద్యోగం తానే వదులుకున్నాడు. ఏడాదిన్నర అన్నం ఆమె పెట్టింది. అతను రాసిన పుస్తకంలో కన్నీళ్లు ఆడవాళ్లవి, పేరు అతనిది. ఆ పుస్తకానికి పెట్టిన పేరు కూడా ‘లవర్’ అని అతని గురించే. సువర్ణ పడ్డ బాధంతా అతను మంచివాడయ్యాడని చెప్పడానికి సాక్ష్యం కింద వాడుకున్నారు.

సువర్ణగా ఐశ్వర్యా రాజేష్ నటనను మాత్రం మెచ్చుకోవాలి. ఈ సినిమాలో మేము నిజంగా కళ్లప్పగించి చూసింది ఆమెనే. భర్త చూపు వేరే చోటికి పోతున్నదని తెలిసిన ఆడమనిషి ఇంట్లో ఎలా నడుస్తుందో, కంచం ఎలా పెడుతుందో ఆమెకు తెలుసు. విజయ్ కూడా శీనయ్యగా ఉన్నంతసేపూ బాగున్నాడు. అరుపు లేదు, గడ్డం గొడవ లేదు. మాకు ఇష్టమైన మాట ఆ కాసేపే వినపడింది. ఆ భాగాన్నే రెండున్నర గంటలు తీసి ఉంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది. మిగిలిన సినిమాలో హీరో ఏడుస్తుంటే మా పక్క సీటు పిల్లవాడు ఫోను చూసుకుంటున్నాడు.

ఇక ఇల్లెందు సంగతి. మేము ఎదురుచూసింది దానికోసం కాబట్టి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి.

ఇల్లెందును మావాళ్లు బొగ్గుట్ట అనే అంటారు. జియోలాజికల్ సర్వేలో పనిచేసిన విలియం కింగ్ అనే దొర 1871లో ఇక్కడ బొగ్గు కనిపెట్టాడని సింగరేణి చరిత్ర రాసినవాళ్లంతా రాస్తారు. 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇంత పెద్ద కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఇల్లెందు పక్కన ఒక పల్లె. బొగ్గు కింద ఉంది. మరి పైన ఏముంది? అడవి ఉంది, పోడు ఉంది, కోయ గూడేలున్నాయి, లంబాడీ తండాలున్నాయి. ఇల్లెందు శాసనసభ స్థానం ఎస్టీ రిజర్వుడు. అక్కడి నుంచి ఐదుసార్లు గెలిచినా ఆర్టీసీ బస్సులోనే తిరిగిన గుమ్మడి నర్సయ్య పేరు ఈ పుస్తకం చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉండరు. భూగర్భ గనులు పోయి ఓపెన్‌కాస్టులు వచ్చాక మట్టి గుట్టలు ఎంత ఎత్తు లేచాయో, బాంబులు పేల్చినప్పుడు ఇళ్ల గోడలు ఎలా నెర్రెలిస్తాయో ఆ చుట్టుపక్కల బళ్లలో పాఠం చెప్పిన టీచర్లను అడిగితే చెప్తారు.

ఈ సినిమాలో ఇల్లెందు ఉంది. బొగ్గు మసి ఉంది, హెల్మెట్లున్నాయి, కార్మికుల ఇళ్లున్నాయి. మాకు మేమే కనిపించలేదు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషిగానైనా, సంతలో ఇప్పపువ్వు అమ్మే ముసలమ్మగానైనా కనిపిస్తామేమోనని చూశాం. గని కార్మికుల మీద మాకు కోపం లేదు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని దిగే మనుషులు వాళ్లు. వాళ్లలో మావాళ్లూ ఉన్నారు. కానీ నూటముప్పై ఏళ్లు తవ్విన నేల మీద ఆ నేల మనుషులు ఒక్కరూ లేకుండా ప్రేమకథ నడిపితే, అది ఏ ఊరైతేనేం? గోదావరిఖని అని పేరు మార్చినా ఒక్క డైలాగు మార్చనక్కర్లేదు.

ఒకరకంగా చూస్తే దర్శకుడికి మంచి అవకాశమే దొరికింది. ఇల్లెందు కథ రాస్తున్నది హైదరాబాదు ఫ్లాటులో ఏడాదిన్నర పడుకున్న మనిషి. అతను ఆ ఊరు చూశాడా? అక్కడి గాలి పీల్చాడా? అతని రాతలో ఊరు తప్పుగా ఉంటే ఆ తప్పును చూపించవచ్చు. యామిని చదివి, “నువ్వు ఎవరి గురించి రాస్తున్నావో నీకు తెలుసా” అని అడగవచ్చు. ఆ ప్రశ్న సినిమాకే తట్టలేదు. ఊరు, ఆడవాళ్లు, బొగ్గు అన్నీ గౌతమ్‌కు ముడిసరుకు. ముడిసరుకు అనే మాట మా ప్రాంతం వాళ్లకు బాగా తెలుసు.

అదే మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కు ఎదురుగా శిల్పారామం ఉంది. అక్కడ పల్లె బతుకు చూపించడానికి నిలువెత్తు బొమ్మలు, గుడిసెలు పెట్టారు. సినిమా అయిపోయాక పిల్లలు తీసుకుపోయారు. మా గార్డు పిల్లవాడు ఆ బొమ్మల పక్కన నిలబడి ఫోటో దిగి, “సార్, బొమ్మను చూడనీకి టికెట్టు పెట్టిన్రు, గేటు కాడ నన్ను ఎవరు చూస్తలేరు” అని నవ్వాడు. మేమూ నవ్వాం.

ఐదేళ్ల తర్వాత ఆ నవ్వు గుర్తుకొచ్చింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాదులో ‘రెట్రో’ అనే సినిమా వేడుకలో మా అభిమాన నటుడు పహల్గామ్ ఉగ్రవాద దాడి గురించి మాట్లాడుతూ, బుద్ధి లేకుండా కొట్టుకోవడానికి పోలికగా 500 ఏళ్ల కిందటి ట్రైబల్స్‌ను తెచ్చాడు. గిరిజన సంఘాలు నిరసన తెలిపాయి. షెడ్యూల్డ్ తెగలను ఉద్దేశించి అనలేదని, బాధ కలిగితే విచారిస్తున్నానని అతను మే నెలలో ప్రకటన ఇచ్చాడు. జూన్‌లో రాయదుర్గం పోలీసు స్టేషనులో అట్రాసిటీ చట్టం కింద కేసు నమోదైంది. కేసు సంగతి కోర్టు చూసుకుంటుంది. అతను కావాలని మమ్మల్ని తిట్టాడని మేము అనుకోవడం లేదు. నోటికి అలవాటుగా వచ్చింది. అలవాటుగా రావడమే మాకు నొప్పి. అతని మనసులో మేము 500 ఏళ్ల వెనక ఉన్నాం. ఆ రాయదుర్గం స్టేషను పరిధిలోనే ఎన్ని ఆఫీసుల గేట్ల దగ్గర మా పిల్లలు యూనిఫారం వేసుకుని నిలబడి ఉన్నారో, అతని కారుకు ఎంతమంది సెల్యూట్ కొట్టి ఉంటారో! ఇల్లెందు సినిమాలో మేము కనపడకపోవడానికి, ఆ వేదిక మీద ఆ మాట రావడానికి మధ్య మాకు పెద్ద దూరం కనిపించడం లేదు. ఈ విషయం క్లాసులో చెప్పినప్పుడు ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు తన నోటుపుస్తకం అట్ట మీది విజయ్ బొమ్మను చింపబోయాడు. వద్దన్నాం. బొమ్మ ఉంచుకో, ప్రశ్న కూడా ఉంచుకో అన్నాం.

హైదరాబాదులో నడిచే ప్రేమకథ ఎలా ఉండవచ్చో చూడాలనుకుంటే మన యువత ‘సైరాట్’ చూడాలి. నాగరాజ్ మంజులే 2016లో తీసిన మరాఠీ సినిమా. ఆయన దళితుడు. ఊరి పెత్తందారు కూతురు, చేపలు పట్టేవాళ్ల అబ్బాయి పారిపోయి వచ్చేది మన హైదరాబాదుకే. ఇక్కడ వాళ్లకు దొరికేది బస్తీలో ఒక గది. ఆదుకునేది దోసెల బండి నడిపే ఒక ఆడమనిషి. పెద్ద ఇంట్లో బుల్లెట్ నడిపిన పిల్ల ఫ్యాక్టరీలో పనికి పోతుంది, అర్థం కాని తెలుగు నేర్చుకుంటుంది. ఆ మురికి, ఆ ఇరుకు భరించలేక ఏడుస్తుంది. అబ్బాయి అనుమానపడి కొడతాడు కూడా. ఆమె వెళ్లిపోతుంది, తిరిగి వస్తుంది. చూడండి, అక్కడా తిరిగి వస్తుంది! కానీ ఆ రావడానికి ఎంత ఖర్చయిందో మనకు కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. చివర ఏం జరుగుతుందో చెప్పం. కులం ప్రేమను ఎక్కడిదాకా వెంటాడుతుందో ఆ చివర చూసినవాళ్లు ఆ రాత్రి నిద్రపోలేరు. ‘పెళ్ళిచూపులు’లో కూడా, పనిలేని అబ్బాయి ఉన్నా, అమ్మాయికి తన లెక్క తనకుంది. ఫుడ్ ట్రక్కు పెట్టాలన్న ఆలోచన ఆమెది. మా అభిమాన నటుడు మంచి సినిమాలు చేయలేడని మేము ఎక్కడన్నాం?

ఉద్యోగం గురించి ఒక మాట. గౌతమ్ ఉద్యోగం మానేసినప్పుడు హాల్లో కొందరు ఈలలు వేశారు. మా వరుసలో ఎవరూ వేయలేదు. ఐటీ కారిడార్లో రిజర్వేషను లేదు. అక్కడ మా పిల్లలకు దొరికేవి ఎక్కువగా గేటు, కాంటీను, రాత్రి డ్యూటీ. ఆ సినిమా వచ్చిన రెండు నెలలకే, 2020 ఏప్రిల్ 22న, షెడ్యూల్డ్ ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ను సుప్రీంకోర్టు కొట్టేసింది. మా ఇళ్లలో ఉద్యోగం మానేయడం అనేది తిరుగుబాటు కాదు, కలలో కూడా రాని మాట.

ఇప్పుడు మాతో వచ్చిన ఆ ఇద్దరి సంగతి. ఊరు, పేరు చెప్పం.

ఇంటర్వెల్‌కు కాస్త అటూఇటుగా మా అమ్మాయి మా వైపు వంగి మెల్లగా అన్నది: “సార్, ఆ పిల్ల పోయింది గదా. ఈడ్నే ఆపేస్తే మంచిగుండు.” అప్పుడు మాకు అర్థం కాలేదు. సినిమా నచ్చలేదేమో అనుకున్నాం. చివర యామిని వచ్చినప్పుడు అబ్బాయి ఆమె భుజం తట్టి, “చూసినవా, వచ్చింది” అన్నాడు. ఆమె ఏమీ అనలేదు. మెట్రోలో కూడా మాట్లాడలేదు. రాత్రి డ్యూటీకి టైమైందని మధ్యలోనే దిగిపోయింది.

అతను చెడ్డవాడు కాదు. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూర్చునేవాడు. గ్రూప్-2 నోటిఫికేషను ఏళ్లుగా రాలేదు, అది అతని తప్పు కాదు. కానీ రెండేళ్లు గది అద్దె ఆమెది, బియ్యం ఆమెవి, పుస్తకాలు ఆమె కొన్నవి. పొద్దున డ్యూటీ దిగివచ్చి వంట చేసేది కూడా ఆమే. ఇది మాకు తర్వాత తెలిసింది. మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక ఇద్దరూ ఎవరి ఊరికి వాళ్లు వచ్చారు. ఆమె మళ్లీ అతని ఫోను ఎత్తలేదు.

మా పెద్దల కాలంలో కాపురం కుదరకపోతే ఆడపిల్ల పుట్టింటికి వచ్చేది. పెద్దమనుషులు కూర్చుని ఓలి లెక్క తేల్చేవాళ్లు. ఆమె మారుమనువు చేసుకుంటే ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కాదు. అప్పుడంతా బంగారమని అనడం లేదు. ఇష్టం లేని పిల్లను ఎత్తుకుపోయిన పెళ్లిళ్లూ మా గూడేల్లో జరిగాయి, వాటిని మేము చూశాం. కానీ వెళ్లిపోయిన ఆడది తప్పకుండా తిరిగి రావాలి, రాకపోతే కథ పూర్తి కానట్టే అన్న లెక్క మా పెద్దలది కాదు. అది మా పిల్లలకు ఎక్కడి నుంచి వచ్చిందో టీచర్లం ఆలోచించాలి. మా హాస్టల్లో ‘అర్జున్ రెడ్డి’ వచ్చిన ఏడాది పదో తరగతి పిల్లవాడొకడు ఒకమ్మాయి వెంటపడి, ఆమె కాదంటే బాటరీ బ్లేడుతో చెయ్యి కోసుకున్నాడు. ఆ అమ్మాయి బడి మానేసింది. అబ్బాయిని ఆసుపత్రికి తీసుకుపోయాం, బుజ్జగించాం, పాస్ చేయించాం. అమ్మాయి ఇంటికి పోయింది ఒక్కసారే. మేము కూడా హీరోనే చూశామని ఒప్పుకోవాలి.

జూన్ నెలలో ఆ గ్రూప్-2 అబ్బాయి ఇద్దరు పెద్దమనుషులను తీసుకుని మా ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్లు గుంటలు పడ్డాయి. “సార్, మీరు చెప్తే ఇంటది. ఒక్కసారి ఫోన్ చెయ్యండి” అన్నాడు. చూస్తే జాలేసింది. సినిమాను తిట్టిన మేమే ఫోను తీసి ఆమెకు చేశాం. అబ్బాయి మారాడమ్మా, ఒకసారి మాట్లాడి చూడు అన్నాం.

ఆమె కాసేపు ఊరుకుంది. తర్వాత, “సార్, నేను ఇంటర్వెల్ కాడనే చెప్పిన గదా మీకు” అన్నది.

మాకు మాట రాలేదు. జాగ్రత్తగా ఉండమ్మా అని ఫోను పెట్టేశాం. అబ్బాయి గుమ్మంలో నిలబడి మా మొహం చూస్తున్నాడు. వానలు పడ్డాయి, నాట్లు మొదలవుతున్నాయి, మీ నాయన ఒక్కడే అవస్థ పడుతున్నాడు, ముందు ఆ పనిలో చేరు, సాయంత్రం వచ్చి మా దగ్గర కూర్చుని చదువుకో అన్నాం. పెద్దమనుషులు టీ తాగి లేచారు. అతను మూడు రోజుల తర్వాత పుస్తకాలు పట్టుకుని వచ్చాడు.